లిఫ్ట్‌లో పై అంతస్తువాళ్ళ పామ్ (పొమెరేనియన్ కుక్క) అత్తయ్యగారిని కరిచింది, "చిన్నదే కదా" అంటున్నారు. ఏం చేయాలి?

సర్జాపూర్_శిరీష
మాది సర్జాపూర్ రోడ్డులో అపార్ట్‌మెంట్, నాలుగో అంతస్తు. మా అత్తయ్యగారు రాజమండ్రి నుంచి వచ్చి రెండు నెలలైంది. వయసు 68. మొన్న శనివారం సాయంత్రం గుడికి వెళ్ళి తిరిగి వస్తుంటే లిఫ్ట్‌లో ఆరో అంతస్తు వాళ్ళ కుక్క ఆమె పిక్క పట్టుకుంది. పామ్, మహా అయితే నాలుగు కిలోలు ఉంటుంది. రెండు పళ్ళు దిగి రక్తం వచ్చింది. ఆవిడ గోడ పట్టుకోబట్టి పడిపోలేదు.

కుక్క వాళ్ళావిడ చేతిలో గొలుసు ఉంది కానీ కుక్క మెడకి తగిలించి లేదు. "అయ్యో, భయపడ్డారా అండీ? చిన్నదే కదా, చీర కుచ్చిళ్ళు కదిలితే ఆడుకుందామని వస్తుంది" అన్నారు. అత్తయ్యగారు ఏడుస్తూ ఇంటికొచ్చారు. నొప్పి కంటే ఆ మాటకే ఎక్కువ బాధపడ్డారు.

ఇది మూడోసారి. అంతకుముందు మా పనమ్మాయిని, ఒక డెలివరీ అబ్బాయిని పట్టుకుంది. వాళ్ళిద్దరూ అప్పట్లో ఎవరికీ చెప్పలేదు. ఆరో అంతస్తువాళ్ళు కూడా తెలుగువాళ్ళే, పండక్కి పిండివంటలు ఇచ్చిపుచ్చుకునేంత చనువు ఉంది. మావారేమో "ఇరుగుపొరుగుతో గొడవెందుకు, ఊరుకో" అంటున్నారు. అసోసియేషన్ వాళ్ళు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వమన్నారు. ఇదే లాబ్రడార్ అయ్యుంటే ఈపాటికి బిల్డింగ్ మొత్తం మీటింగ్ పెట్టేది కదా. నేను అనవసరంగా పెద్దది చేస్తున్నానా?

ఓబులు_అనంతపురం
గొడవ సంగతి తర్వాత. ముందు ఇంజెక్షన్ వేయించారా? కరిచిన చోట సబ్బు పెట్టి, ధారగా పడే నీళ్ళ కింద 15 నిమిషాలు కడగాలి. రక్తం వచ్చిందంటే అది మూడో కేటగిరీ, అంటే అన్నిటికంటే ప్రమాదకరమైన రకం కాటు. దానికి టీకా ఒక్కటే సరిపోదు, గాయం చుట్టూ రేబీస్ ఇమ్యూనోగ్లోబ్యులిన్ (వెంటనే రక్షణనిచ్చే ఇంజెక్షన్) కూడా వేయాలి. ఈ విషయంలో చిన్న కుక్క, పెద్ద కుక్క అనే తేడా లేదు.

సర్జాపూర్_శిరీష
కడిగాం ఓబులు గారూ. ఆ రాత్రే ఆసుపత్రికి తీసుకెళ్ళాం, మీరు చెప్పింది కూడా వేశారు. 0, 3, 7, 14, 28 రోజుల లెక్కన టీకా చీటీ రాసిచ్చారు. రెండు డోసులు అయ్యాయి. కుక్క టీకా కార్డు చూపించమని ఆరో అంతస్తు వాళ్ళని అడిగితే "వేయించాం, ఎక్కడో ఉంది, వెతికి ఇస్తాం" అన్నారు. ఇంకా ఇవ్వలేదు.

వైట్‌ఫీల్డ్_వాసు
"ఏనూ మాడల్ల సార్." బెంగళూరు వచ్చాక నేను నేర్చుకున్న మొదటి కన్నడ వాక్యం ఇదే. ఏమీ చేయదు సార్ అని. ఆ మాట అయ్యేలోపు అది నా ప్యాంటు పట్టుకుని వేలాడుతోంది.

పామ్_అమ్మ_హెచ్‌ఎస్‌ఆర్
ఆంటీకి జరిగినదానికి నిజంగా బాధగా ఉంది. గొలుసు తగిలించకపోవడం ముమ్మాటికీ తప్పే. కానీ ఒక్క మాట. నా దగ్గరా పామ్ ఉంది. అది నేల నుంచి అడుగు ఎత్తు కూడా ఉండదు. లిఫ్ట్ తలుపు తెరుచుకోగానే దానికి కనిపించేవి పది కాళ్ళు, చెప్పులు, బరువైన సంచులు. ఎవరు తొక్కుతారో తెలియదు. పైగా వచ్చినవాళ్ళందరూ "అబ్బ, ఎంత ముద్దుగా ఉందో" అంటూ అడక్కుండానే నెత్తిమీద చెయ్యి వేస్తారు. లాబ్రడార్ మీద అలా ఎవరూ చెయ్యి వేయరు. చిన్న కుక్కలు పొగరుతో కరవవు, భయంతో కరుస్తాయి. ఇది కూడా ఎవరైనా చెప్పాలి కదా.

ఓబులు_అనంతపురం
భయంతోనే అనుకుందాం. అది భయపడుతోందని తెలిసిన ఒకే ఒక్క మనిషి దాని యజమాని. తెలిసి కూడా గొలుసు వేయకుండా, నలుగురున్న లిఫ్ట్‌లోకి ఎందుకు తీసుకొచ్చినట్టు?

సర్జాపూర్_శిరీష
@పామ్_అమ్మ గారూ, మీరన్నది అర్థమైంది. కానీ మా అత్తయ్య దాన్ని ముట్టుకోలేదు. ఓ మూలకి జరిగి నిలబడ్డారు, అంతే.

నెల్లూరు_నాన్న
మా పాపకి ఆరేళ్ళు. వాళ్ళ స్కూల్ బస్సు దగ్గరికి రోజూ ఒక షిట్జూ కుక్క వస్తుంది, పిల్లలందరూ దాని మీద పడతారు. అందుకే మా పాపకి మూడు విషయాలు నేర్పాను. యజమానిని అడక్కుండా ముట్టుకోకూడదు. మొహంలో మొహం పెట్టి చూడకూడదు. అది మీదకొస్తే పరిగెత్తకుండా చేతులు కట్టుకుని చెట్టులా నిలబడాలి. కుక్కల పక్షాన మాట్లాడటం లేదు, పిల్లలకి ఇది కావాలి.

కోరమంగళ_కోనసీమ
మా అపార్ట్‌మెంట్‌లో రెండున్నర కిలోల చివావా ఉంది. పేరు భీమసేనుడు. వాళ్ళ తాతగారు "భీమా, ఆగరా" అని అరుచుకుంటూ వెనకాల పరిగెడుతుంటే వాచ్‌మన్‌తో సహా అందరూ నిలబడిపోతారు. పిట్ట కొంచెం, కూత ఘనం.

కడప_కారం
ఇంతమంది ఇన్ని చెబుతున్నారు కానీ మా ఊళ్ళో దీనికి ఒకటే మందు. పేపరు చుట్టి మూతి మీద ఒక్కటి తగిలిస్తే రెండోసారి కరవదు. మా నాన్న పెంచిన కుక్కలన్నీ అలాగే పెరిగాయి, గీత దాటేవి కావు. ఈ కాలంలో కుక్కని బిడ్డలా చూసుకుని, బిడ్డకి చెప్పే బుద్ధి మాత్రం చెప్పడం లేదు.

పశువుల_డాక్టరు
నేను బెంగళూరులో 19 ఏళ్ళుగా చిన్న జంతువుల ప్రాక్టీసులో ఉన్నాను. కడప గారి మాటలో సగం నిజం ఉంది. బుద్ధి చెప్పడం లేదన్నది నిజం. కొడితే వస్తుందన్నది నిజం కాదు.

2010లో వియన్నాలో 1276 మంది కుక్కల యజమానుల్ని ప్రశ్నించి చేసిన ఒక అధ్యయనం ఉంది. 20 కిలోల లోపు కుక్కల్ని, అంతకు మించిన వాటిని పోల్చారు. చిన్న కుక్కలు మాట తక్కువ వింటాయని, ఎక్కువ ఉద్రేకపడతాయని, మీదకి రావడం కూడా ఎక్కువేనని వాటి యజమానులే చెప్పారు. అంతటితో ఆగి ఉంటే తప్పు జాతిది అనేసేవాళ్ళం. అదే అధ్యయనంలో ఇంకో సంగతి బయటపడింది. చిన్న కుక్కల యజమానులు శిక్షణ తక్కువ ఇస్తున్నారు, కలిసి ఆడేది తక్కువ, ఒకరోజు వద్దన్న పనిని మర్నాడు చూసీచూడనట్టు వదిలేస్తున్నారు. ఎక్కువగా శిక్షించే ఇళ్ళలో కుక్కల దూకుడు ఎక్కువగా ఉంది, పెద్దవైనా చిన్నవైనా. చిన్న కుక్కల్లో దానికి తోడు భయం, ఆందోళన కూడా ఎక్కువ కనిపించాయి.

ఇక పేపరు దెబ్బ సంగతి. కుక్క గుర్రుమంటే అది మనకిచ్చే హెచ్చరిక. ఆ హెచ్చరికకి దెబ్బ పడితే అది గుర్రుమనడం మానేస్తుంది, లోపలి భయం మాత్రం అలాగే ఉంటుంది. రేపు ఏ శబ్దమూ లేకుండా నేరుగా కరుస్తుంది. "డాక్టర్ గారూ, ఉన్నట్టుండి కరిచేసింది" అని నా దగ్గరికి వచ్చేవాళ్ళని వెనక్కి వెళ్ళి అడిగితే, చాలామంది ఎప్పుడో ఆ గుర్రుని కొట్టి ఆపినవాళ్ళే.

గుర్రుకి ముందు కూడా అది చాలా చెబుతుంది. తిండి లేకుండానే నాలుకతో మూతి తడుముకుంటుంది. నిద్ర రాకపోయినా ఆవలిస్తుంది. తల పక్కకు తిప్పి కంటి తెల్లగుడ్డు కనబడేలా చూస్తుంది. ఒళ్ళు బిగుసుకుపోతుంది. తోక ఊపినంత మాత్రాన సంతోషంగా ఉందని కాదు, బిగుసుకుపోయిన ఒంటితో కూడా ఊపుతుంది. పెద్ద కుక్క ఇవన్నీ చేస్తే ఇంట్లోవాళ్ళు జాగ్రత్తపడతారు. చిన్నది చేస్తే మొహానికి దగ్గరగా ఫోన్ పెట్టి ఫొటో తీస్తారు.

మూడో_అంతస్తు
ఆ చివరి వాక్యం చదివి మా ఇంట్లో ఫొటోలు తీసి చూశాను. మా చెల్లి తన యార్కీని గట్టిగా వాటేసుకున్న ఫొటోలన్నింట్లో కంటి తెల్లగుడ్డు కనిపిస్తోంది. ఇన్నాళ్ళూ అది "కెమెరాకి పోజు" అనుకున్నాం.

పామ్_అమ్మ_హెచ్‌ఎస్‌ఆర్
డాక్టర్ గారూ, నాదొక సందేహం. ఇంతకుముందు బుద్ధిగా ఉన్నది ఐదారేళ్ళ వయసులో ఉన్నట్టుండి చిరాకు పడటం మొదలుపెడితే?

పశువుల_డాక్టరు
శిక్షణ కంటే ముందు ఒళ్ళు చూపించండి. పామ్, చివావా, యార్కీ లాంటి వాటికి మోకాటి చిప్ప పక్కకు జారే జబ్బు ఎక్కువ. మూడు కాళ్ళ మీద కుంటి మళ్ళీ మామూలుగా నడుస్తుంది కాబట్టి ఇంట్లోవాళ్ళు అల్లరి అనుకుంటారు. పళ్ళు, చిగుళ్ళ జబ్బులు కూడా చిన్న జాతుల్లోనే ఎక్కువ. నొప్పిగా ఉన్న చోట చెయ్యి పడితే ఏ ప్రాణి అయినా కరుస్తుంది. మెడ బెల్టుకి గొలుసు తగిలించి లాగకండి, ఈ జాతుల్లో కొన్నింటికి శ్వాసనాళం మెత్తబడి అణిగిపోయే సమస్య ఉంటుంది. ఛాతీకి వేసే హార్నెస్ వాడండి.

కుడ్లు_గేట్_కిరణ్
ఇన్ని రోజులూ చదివి వెళ్ళిపోయేవాణ్ణి. ఈ చర్చలో రాయకపోతే నాకు మనసు ఒప్పుకోదు. మా దగ్గర డాక్స్‌హుండ్ ఉంది, పేరు చింటు, ఇప్పుడు ఐదేళ్ళు.

దాన్ని 35 రోజుల పిల్లగా ఉన్నప్పుడు తెచ్చాం. అమ్మినవాడు "చిన్నప్పుడే తీసుకుంటే బాగా అలవాటవుతుంది" అన్నాడు, నమ్మాను. 8 వారాలు నిండని పిల్లని అమ్మకూడదని 2017 నుంచి కేంద్రం నిబంధన ఉందని చాలా ఆలస్యంగా తెలిసింది. తల్లి దగ్గర, తోటి పిల్లల దగ్గర ఆడుతూ నేర్చుకోవలసింది ఒకటుంటుంది, గట్టిగా కొరికితే అవతలిది కుయ్యిమని ఆట ఆపేస్తుంది, అలా పంటి బలం ఎంత వాడాలో తెలుస్తుంది. మా వాడికి ఆ పాఠం అందలేదు.

తెచ్చాక మేం చేసింది ఇంకా తప్పు. రోడ్డు మీద వీధికుక్కలున్నాయని చంకనెత్తుకుని తిప్పాం. ఇంటికి ఎవరొచ్చినా గదిలో పెట్టాం. సోఫా మీద ఉన్నప్పుడు పక్కన కూర్చుంటే గుర్రుమనేవాడు. మేం నవ్వేవాళ్ళం. "వీడే ఇంటి యజమాని" అని వీడియో తీసి ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో పెట్టింది నేనే. అందరూ నవ్వుతున్న బొమ్మలు పెట్టారు. ఆ వీడియో ఇప్పటికీ తీసెయ్యలేదు, చూసుకోవాలని ఉంచాను.

రెండేళ్ళ క్రితం సంక్రాంతికి మా బావమరిది కుటుంబం వచ్చింది. వాళ్ళ బాబుకి ఐదేళ్ళు. చింటు సోఫా మీద నమిలే ఎముకతో ఉన్నాడు. బాబు పక్కన కూర్చుని చెయ్యి చాపాడు. అరక్షణం. కంటి కింద చెంప చీరుకుపోయింది, మూడు కుట్లు పడ్డాయి. ఇంకో అంగుళం పైకి అయితే కన్ను పోయేది. ఆ రాత్రి ఆసుపత్రిలో మా బావమరిది నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అనుంటే బాగుండేదనిపించింది.

అమ్మ ఎవరికైనా ఇచ్చేయమంది. ఎవరికిస్తాం? మనం పాడుచేసి ఇంకొకరి ఇంట్లో పిల్లల మీదకి పంపించడమే కదా. ముందు డాక్టర్‌కి చూపించాం, నడుము నొప్పి ఉందని తేలింది, మందులు వాడాం. తర్వాత కొట్టకుండా నేర్పించే ట్రైనర్‌ని పెట్టుకున్నాం. ఆయన మొదటి రోజు కుక్కని వదిలేసి మా నలుగుర్నీ వరసగా కూర్చోబెట్టి అడిగారు: "సోఫా ఎక్కొచ్చా, ఎక్కకూడదా?" నాలుగు జవాబులు వచ్చాయి. నేను వద్దంటాను, నా భార్య రాత్రిపూట ఒప్పుకుంటుంది, నాన్న పేపరు చదువుతూ పక్కన కూర్చోబెట్టుకుంటారు, అమ్మ కంచంలో పెరుగన్నం ముద్ద పెట్టి మరీ పిలుస్తుంది. "పాపం, వాడికి ఏది నిజమో ఎలా తెలుస్తుంది" అన్నారు ఆయన.

తర్వాత ఆరు నెలలు రోజుకి రెండుసార్లు, పది పది నిమిషాలు. బఠాణీ గింజంత ఉడకబెట్టిన చికెన్ ముక్కలు. కొత్త మనిషి దూరంగా, వాడు గుర్రుమనని దూరంలో ఉండగానే ముక్క పడుతుంది. మనిషి వెళ్ళిపోతే ముక్కలు ఆగిపోతాయి. దూరం వారానికి ఒకటి రెండు అడుగులు తగ్గించుకుంటూ వచ్చాం. తొందరపడిన రోజు మళ్ళీ వెనక్కి వెళ్ళాల్సి వచ్చింది. పిలిస్తే దిగి చాప మీదకు రావడం విడిగా నేర్పాం. మూతికి బుట్టలాంటి మజిల్ కూడా అలవాటు చేశాం. మన ఊళ్ళలో నూర్పిళ్ళప్పుడు ఎద్దు మూతికి చిక్కం కడతారు చూడండి, అలాంటిదే. నోరు తెరిచి రొప్పడానికి, నీళ్ళు తాగడానికి వీలుండాలి. లోపల కొంచెం పెరుగు రాసి, తనంతట తను మూతి పెట్టేదాకా ఆగాం. మూడు వారాలు పట్టింది.

ఇప్పుడు చింటు మంచివాడైపోయాడని చెప్పను. పిల్లలు వస్తే ఇప్పటికీ గదిలో తలుపు వేసి ఉంచుతాం, ఈసారి వాడికి ఇష్టమైన బొమ్మతో. లిఫ్ట్‌లో ఎవరైనా ఉంటే తర్వాతి లిఫ్ట్‌కి ఆగుతాం. శిరీష గారూ, మీరు పెద్దది చేయడం లేదు. మా బావమరిది బాబు చెంప మీద మచ్చ చూసినప్పుడల్లా, అంతకుముందు గుర్రుమన్న రోజునే ఎవరైనా నన్ను గట్టిగా అడిగి ఉంటే బాగుండేదనిపిస్తుంది.

ఓబులు_అనంతపురం
ఇంత నిజం రాసినందుకు దండం కిరణ్ గారూ.

కడప_కారం
మొదటి రోజు మనుషుల్ని కూర్చోబెట్టాడన్న మాట నాకు తగిలింది. మా నాన్న ఒక మాట అంటే ఇంటిల్లిపాదికీ అదే మాట. మా కుక్కలు బాగుండటానికి బహుశా అదే కారణమేమో, దెబ్బ కాదేమో. డాక్టర్ గారి మాట ఆలోచిస్తాను.

ఫిజియో_పద్మ
అందరూ కాటు గురించే మాట్లాడుతున్నారు. నేను ఫిజియోథెరపిస్టుని, పెద్దవాళ్ళు పడిపోయిన కేసులు రోజూ చూస్తాను. చిన్న కుక్క కాళ్ళలో అడ్డంపడో, అది మొరిగితే ఉలిక్కిపడి వెనక్కి వేసిన అడుగు జారో తుంటి ఎముక విరిగినవాళ్ళు ఉన్నారు. 68 ఏళ్ళ మనిషికి తుంటి విరగడం అంటే నెలల తరబడి మంచం. అత్తయ్యగారు గోడ పట్టుకున్నారు, అదృష్టం. కుక్క నాలుగు కిలోలే కావచ్చు, పడే మనిషి బరువు నాలుగు కిలోలు కాదు కదా.

లా_పాయింట్_లక్ష్మి
చట్టం ఎంతవరకు వస్తుందో చెబుతాను. భారత జంతు సంక్షేమ మండలి 2015 మార్గదర్శకాల ప్రకారం పెంపుడు కుక్కని అపార్ట్‌మెంట్‌లో నిషేధించడానికి గానీ, లిఫ్ట్ వాడొద్దనడానికి గానీ అసోసియేషన్‌కి వీల్లేదు. మజిల్ వేసి తీరాలని రూలు పెట్టడం కూడా కుదరదు. అవతల, బయటి ప్రదేశాల్లో గొలుసుతో ఉంచుకోవడం యజమాని బాధ్యత.

ఇక భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్. జంతువు వల్ల మనిషి ప్రాణానికో, తీవ్ర గాయానికో ముప్పు ఉండి కూడా నిర్లక్ష్యంగా వదిలేస్తే ఆరు నెలల వరకు జైలు, 5000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. పాత ఐపీసీలో ఇది 289, అప్పుడు జరిమానా 1000 రూపాయలే. రెండు పంటి గాట్లు తీవ్ర గాయం కిందకి వస్తాయా అంటే వాదన ఉంటుంది. పద్మ గారు చెప్పిన ఎముక విరగడం మాత్రం చట్టంలోనే తీవ్ర గాయాల్లో ఉంది. ముప్పు ఉందని వాళ్ళకి ముందే తెలుసని చూపించాలంటే ఫిర్యాదు కాగితం మీద ఉండాలి. పనమ్మాయి, డెలివరీ అబ్బాయి విషయాలు కూడా తేదీలతో అందులో రాయండి.

నగరపాలక లైసెన్స్ కూడా అడగండి. కుక్కకి లైసెన్స్ తీసుకోవాలి, దానికి రేబీస్ టీకా సర్టిఫికెట్ కావాలి. బెంగళూరు నగరపాలక సంస్థ బీబీఎంపీ పోయి జీబీఏ (గ్రేటర్ బెంగళూరు అథారిటీ) కింద ఐదు కార్పొరేషన్లు వచ్చినా ఆ అవసరం పోలేదు.

వైట్‌ఫీల్డ్_వాసు
లిఫ్ట్ ఆపలేం, మజిల్ అడగలేం. మరి కరిపించుకున్నవాళ్ళకి మిగిలిందేంటి లక్ష్మి గారూ? వీధికుక్కల గొడవ ఒకవైపు, ఇళ్ళల్లో ఇవి ఒకవైపు.

లా_పాయింట్_లక్ష్మి
వీధికుక్కల మీద వేరే చర్చ నడుస్తోంది, అక్కడ మాట్లాడదాం. రూలు పెట్టలేరన్నాను, అడగలేరనలేదు. మూడుసార్లు కరిచిన కుక్కకి మజిల్ వేయమని పక్కింటివాళ్ళు అడగడం న్యాయమే. వాళ్ళు వద్దంటే ఆ వద్దన్న సంగతి కూడా ఫిర్యాదులో చేరుతుంది.

ఎలక్ట్రానిక్_సిటీ_ఉష
నేను అవతలి వైపు నుంచి రాస్తున్నాను. మాది మినీ పిన్షర్. ఇద్దరం ఆఫీసుకి పోతే పొద్దున ఎనిమిదిన్నర నుంచి రాత్రి ఏడున్నర దాకా అది ఒక్కతే. ఇంట్లో మేమున్నప్పుడు చప్పుడు చేయదు. పక్క ఫ్లాట్ ఆవిడ "రోజంతా అరుస్తోంది" అంటే నేను నమ్మలేదు, కోపం కూడా వచ్చింది. ఆవిడ గొడవపడకుండా ఒకరోజు తన బాల్కనీ నుంచి రికార్డు చేసి పంపారు. మొదట మొరుగుడు, తర్వాత ఏడుపు, మళ్ళీ మొరుగుడు. నా కుక్క గొంతు అలా ఉంటుందని నాకే తెలియదు. ఆఫీసు బాత్రూమ్‌లో నిలబడి విన్నాను.

ఇప్పుడు మధ్యాహ్నం ఒక అమ్మాయి వచ్చి గంటసేపు నడిపిస్తుంది. పొద్దున అరగంట నేను తిప్పి వాసనలు చూడనిస్తాను. వారంలో రెండు రోజులు ఇంటినుంచే పని. అరుపులు చాలా తగ్గాయి. "చిన్న కుక్కే కదా, ఇంట్లో అటూ ఇటూ తిరిగితే అదే దానికి వ్యాయామం" అని అమ్మినప్పుడు చెప్పారు. పెరట్లో ఎలుకల్ని తరిమే జాతిని తెచ్చి రెండు గదుల్లో పెట్టి తలుపు వేశాం.

శిరీష గారూ, మీ పొరుగావిడకి కూడా నిజంగా తెలియకపోవచ్చు. ఫిర్యాదు తప్పకుండా ఇవ్వండి, కానీ ఇచ్చేముందు ఒక్కసారి కూర్చుని మాట్లాడండి.

ఓబులు_అనంతపురం
మూడు కాట్ల తర్వాత కూడా తెలియకపోవడం ఏంటండీ? నేను ఒప్పుకోను. మొదటిది తెలియక, రెండోది అనుకోకుండా, మూడోది నిర్లక్ష్యం.

ఎలక్ట్రానిక్_సిటీ_ఉష
మొదటి ఇద్దరూ చెప్పలేదని శిరీష గారే రాశారు కదా. పనమ్మాయి ఎందుకు చెప్పలేదో మనందరికీ తెలుసు. ఉద్యోగం పోతుందని. ఆ అబ్బాయి ఇంజెక్షన్ వేయించుకున్నాడో లేదో కూడా ఎవరూ అడగలేదు. ఆ తప్పు ఆరో అంతస్తుది మాత్రమే కాదు.

సర్జాపూర్_శిరీష
ఉష గారూ, ఆ మాట చదివాక మా పనమ్మాయిని కూర్చోబెట్టి అడిగాను. నాలుగు నెలల క్రితం కరిచింది, పసుపు రాసుకుని ఊరుకుంది. ఆ కుక్క ఇప్పటికీ బతికే ఉంది కాబట్టి ఆ కాటుతో రేబీస్ భయం లేదని డాక్టర్ చెప్పారు. కానీ అప్పుడు అది ఎవరికీ తెలియదు కదా. నాకు సిగ్గేసింది. టీటీ ఇంజెక్షన్ వేయించాను.

నెల్లూరు_నాన్న
ప్రభుత్వ ఆసుపత్రుల్లో కుక్కకాటు టీకా ఉచితం. ఈ సంగతి మీ బిల్డింగ్‌లో పనిచేసేవాళ్ళందరికీ, సెక్యూరిటీకీ చెప్పండి. డబ్బుకి భయపడి ఆగిపోయేవాళ్ళే ఎక్కువ.

సర్జాపూర్_శిరీష
ఎనిమిది రోజుల తర్వాత మళ్ళీ రాస్తున్నాను, అందరూ అడుగుతున్నారని.

ఆదివారం నేనూ మావారూ ఆరో అంతస్తుకి వెళ్ళాం. ఫిర్యాదు కాగితం రాసి పట్టుకునే వెళ్ళాను, కానీ ముందు బయటికి తీయలేదు. మూడు కాట్ల గురించీ తేదీలతో చెప్పాను. ఆవిడకి నిజంగానే ఒక్కటే తెలుసు. పనమ్మాయి సంగతి వినగానే మొహం పాలిపోయింది. ఆయన మాత్రం "ఇంత చిన్నదానికి మజిల్ ఏంటండీ, చూసేవాళ్ళు నవ్వుతారు" అన్నారు. అప్పుడు మావారు, గొడవ వద్దని అన్నాళ్ళూ నన్ను ఆపిన మనిషి, "మా అమ్మ మోకాళ్ళ నొప్పులతో నాలుగంతస్తులు మెట్లెక్కుతోంది, అది చూసి ఎవరూ నవ్వడం లేదు" అన్నారు. ఆ తర్వాత ఇంకెవరూ ఏమీ మాట్లాడలేదు. కాగితం బల్ల మీద పెట్టి వచ్చేశాం. ఇంకో కాపీ అసోసియేషన్‌కి ఇచ్చాం.

మర్నాడు టీకా కార్డు తెచ్చిచ్చారు. గడువు దాటి ఏడు నెలలైంది. కరిచి పది రోజులు దాటినా కుక్క బాగానే ఉంది కాబట్టి రేబీస్ భయం తగ్గింది. డాక్టర్ గారు ఇక్కడ చెప్పిన మాట ఆవిడకి చూపించాను, వెటర్నరీ ఆసుపత్రికి తీసుకెళ్ళారు. రెండు దవడ పళ్ళు పుచ్చిపోయి చీము పట్టి ఉందట. ఎన్ని నెలలుగా నొప్పి భరిస్తోందో. వచ్చే వారం తీసేస్తారు. ఆ రోజే టీకా కూడా వేయించారు. ఆవిడ హార్నెస్ కొన్నారు. ఆయన మజిల్‌కి ఇంకా ఒప్పుకోలేదు.

అత్తయ్యగారు ఇంకా లిఫ్ట్ ఎక్కడం లేదు. "ఆ గంట చప్పుడు వింటే కాళ్ళు వణుకుతున్నాయే" అంటున్నారు.

పశువుల_డాక్టరు
పళ్ళు తీసిన వెంటనే మారిపోతుందని ఆశపెట్టుకోవద్దని ఆవిడకి చెప్పండి. నొప్పి పోతుంది, నొప్పి వల్ల పడిన అలవాటు అక్కడే ఉంటుంది. గాయం మానాక శిక్షణ మొదలుపెట్టాలి. అప్పటిదాకా జనం ఉన్న లిఫ్ట్ వద్దు. అత్తయ్యగారి మిగిలిన డోసుల సంగతి, కుక్క పది రోజులు బాగుందని చెప్పి మీ ఆసుపత్రి వాళ్ళనే అడగండి. మీ అంతట మీరు ఆపకండి.

కుడ్లు_గేట్_కిరణ్
లిఫ్ట్ శిక్షణ మేం ఖాళీ లిఫ్ట్‌తోనే మొదలుపెట్టాం. తలుపు తెరుచుకుంటుంది, ముక్క పడుతుంది, ఎక్కకుండా వెనక్కి వచ్చేస్తాం. నాలుగైదు రోజులు అంతే. తర్వాత ఎక్కి ఒక అంతస్తు. కుక్క మూలలో, మనం దానికీ తలుపుకీ మధ్యలో. మీ బిల్డింగ్‌లో లిఫ్ట్ ఎప్పుడు ఖాళీగా ఉంటుందో చూసుకోమనండి. ఆయన మజిల్‌కి ఒప్పుకోకపోతే నా నంబరు ప్రైవేట్ మెసేజ్‌లో పంపుతాను, నాతో మాట్లాడమనండి. మా బావమరిది బాబు ఫొటో చూపిస్తాను.

పామ్_అమ్మ_హెచ్‌ఎస్‌ఆర్
మా దానికి కూడా మొన్న పళ్ళు చూపించాను. ఒకటి కదులుతోంది. ఆరేళ్ళలో ఒక్కసారి కూడా నోరు తెరిచి చూడలేదు నేను.

ఫిజియో_పద్మ
శిరీష గారూ, అత్తయ్యగారిని కూడా అలాగే మెల్లగా అలవాటు చేయండి. మొదట కుక్క లేదని ఖాయంగా తెలిసిన వేళ, మీరు పక్కనుండి, ఒక్క అంతస్తు. మోకాళ్ళ నొప్పితో మెట్లు ఎక్కడం కంటే దిగడం ఎక్కువ హాని. ముఖ్యంగా కిందకి దిగేటప్పుడు రెయిలింగ్ వదలొద్దనండి.

సర్జాపూర్_శిరీష
మా లిఫ్ట్ మధ్యాహ్నం రెండున్నర నుంచి మూడున్నర దాకా ఖాళీయే. ఆవిడతో మాట్లాడాను. మంగళ, గురువారాలు కుక్కకి, మిగిలిన రోజులు అత్తయ్యగారికి అనుకున్నాం. కిరణ్ గారూ, నంబరు పంపండి. ఆయన మాట్లాడతానన్నారు.